ఏఐతో షార్ట్ ఫిల్మ్ తీయాలంటే ముందు ఒక తువ్వాలు కావాలి

నేను ఏఐతో తీసిన మొదటి షార్ట్ ఫిల్మ్‌లో వర్షం ఉంది, ముసలి తల్లి ఉంది, గోడ మీద దండ వేసిన ఫొటో ఉంది, వెనకాల వయొలిన్ కూడా ఉంది. రెండున్నర నిమిషాలు. తిరుపతిలో మా రూమ్ పక్కన టీ కొట్టు దగ్గర నలుగురికి చూపిస్తే "బాగుందబ్బా, ఏ సినిమా ట్రైలరు ఇది?" అన్నారు. ఒకాయనకు మధ్యలో ఫోన్ వస్తే లేచి వెళ్లి మాట్లాడుకుని, తిరిగొచ్చి మిగతాది చూశాడు. ఏం పోయిందో అడగను కూడా అడగలేదు.

రెండోది తీయడానికి 16 రోజులు పట్టింది. మూడు నిమిషాల పది సెకన్లు, 28 షాట్లు, మొత్తం సినిమాలో ఒకే ఒక్క మాట. అందులో ఎవరూ ఏడవరు. టూల్స్ మాత్రం దాదాపు మొదటిదానికి వాడినవే. అందుకే ఇక్కడ టూల్స్ గురించి ఎంత చెప్తానో వాటి చేత ఏం చేయించకూడదో కూడా అంతే చెప్తాను.

కథ దగ్గరే సగం పని

చాట్‌జీపీటీనో జెమినినో తెరిచి "నాన్న సెంటిమెంట్‌తో మూడు నిమిషాల కథ రాయి" అని అడిగి చూడండి. ఆసుపత్రి వస్తుంది, పాత ఉత్తరం వస్తుంది, చివర్లో వర్షం వస్తుంది. దాని తప్పేం లేదు. ఈ మోడల్స్ పని చేసే పద్ధతే అది, చదివిన కోట్ల పేజీల్లో ఎక్కువగా ఏది దేని తర్వాత వచ్చిందో చూసి అదే మనకు ఇస్తాయి. ఎక్కువసార్లు వచ్చింది అంటే జనం ఎక్కువసార్లు చూసేసింది అని అర్థం. చూసేసిన దానికి ఎవరూ కదలరు.

నా రెండో సినిమా కథ ఒక తువ్వాలు. చిత్తూరు బస్టాండులో పండగ మర్నాడు సాయంత్రం బెంగళూరు బస్సు కోసం నిలబడిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. బస్సు ఇంకా ఆగకముందే జనం పక్కన పరిగెత్తుతూ కిటికీలోంచి కర్చీఫో సంచో తువ్వాలో లోపలికి వేస్తారు. వేసిన సీటు వాళ్లది. ఏ చట్టంలోనూ లేదు, కానీ చాలామంది ఒప్పుకుంటారు, ఒప్పుకోని వాళ్లతో గొడవ పడతారు. మా నాయన నాకోసం ఆ పని చేసేవాడు. నేను బ్యాగు మోసుకుంటూ నిదానంగా ఎక్కి, ఆ సీట్లో కూర్చుని, తువ్వాలు కిటికీలోంచి తిరిగి ఇచ్చేవాణ్ణి. ఆయన దాన్ని దులిపి భుజాన వేసుకుని, నేను కళ్లెదురుగా కూర్చుని కనిపిస్తున్నా సరే "ఎక్కినావా?" అని అడిగేవాడు.

అంతే కథ. ఇదే పని సినిమాలో మూడుసార్లు జరుగుతుంది. మొదటిసారి కొడుక్కి 18 ఏళ్లు, తువ్వాలు రెండు చేతులతో ఇస్తాడు. రెండోసారి ఉద్యోగం వచ్చింది, ఫోన్ చూసుకుంటూ తలెత్తకుండా ఇస్తాడు. మూడోసారి తువ్వాలు వేసింది కొడుకే. వెళ్లి కూర్చుంటాడు, అలవాటుగా చెయ్యి తువ్వాలుతో కిటికీ దాకా వెళ్తుంది. బయట తీసుకునేవాళ్లు లేరు.

ఒక వస్తువు, ఒక పని, మూడుసార్లు. మూడు నిమిషాల సినిమాకు ఇంతకన్నా ఎక్కువ కథ పట్టదు. రెండు ఫ్లాష్‌బ్యాకులు, ఒక ట్విస్టు పెట్టాలని చూస్తే అన్నీ చెప్పడానికే టైమ్ సరిపోతుంది, దేని దగ్గరా ఆగే తీరిక ఉండదు.

మీ వస్తువును మీరే వెతుక్కోవాలి, అయితే వెతకడానికి ఏఐ భలే పనికొస్తుంది. రాయించొద్దు, అడిగించండి. నేను ఇచ్చిన ప్రాంప్ట్, అంటే ఏఐకి రాసిచ్చే మాట, ఇది: "నువ్వు కథ రాయొద్దు. మా నాయన గురించి నన్ను ఒక్కొక్కటిగా 15 ప్రశ్నలు అడుగు. వస్తువుల గురించి, చేతుల గురించి, రోజూ చేసే పనుల గురించి మాత్రమే అడుగు. ప్రేమ, త్యాగం, బాధ అనే మాటలు వాడొద్దు. నేను చెప్పినదాన్ని పొగడొద్దు." ఆ చివరి వాక్యం తప్పకుండా పెట్టండి, లేకపోతే ప్రతి జవాబుకూ "ఎంత హృదయాన్ని తాకే జ్ఞాపకం" అంటూ మొదలుపెడుతుంది, చిరాకు. జవాబులు టైప్ చేయకుండా ఫోన్లో మాట్లాడి చెప్పండి, మన యాసలో, పక్కనున్న వాడికి చెప్పినట్టు. ఏడో ప్రశ్నకు "బయటికి వెళ్లేటప్పుడు ఆయన ఒంటి మీద తప్పకుండా ఉండేది ఏంటి?" అని అడిగింది. నాకు అక్కడ దొరికింది.

మీకు మదనపల్లె మార్కెట్లో టమోటా క్రేట్లు లెక్కపెట్టే మామ దగ్గర దొరకొచ్చు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే అవ్వ బొటనవేలికి అంటిన, ఇనుము, బెల్లం నానబెట్టి చేసిన నల్ల రంగు దగ్గర దొరకొచ్చు. సంగటి ముద్ద మధ్యలో వేలితో గుంట చేసి పులుసు పోసే అమ్మ చెయ్యి చాలు. మీరు కళ్లారా చూసిందై ఉండాలి, అంతే షరతు.

షాట్లు రాసుకోవడం, తువ్వాలు ఎగరకపోవడం

ఇప్పుడు ఒక నోట్‌బుక్ తీసుకోండి. మూడు నిమిషాలు అంటే 180 సెకన్లు, ఒక్కో షాట్ సగటున ఆరేడు సెకన్లు అనుకుంటే 25 నుంచి 30 షాట్లు. ప్రతి షాట్‌కీ ఒక లైను: ఎవరున్నారు, ఏం కదులుతుంది, ఏం వినిపిస్తుంది. వినిపించేది ఇక్కడే రాసుకోండి, తర్వాత చూసుకుందాంలే అనుకుంటే చివరికి పాట ఒకటి పరిచేసి చేతులు దులుపుకుంటారు.

నా కథకు గుండెకాయ తువ్వాలు కిటికీలోంచి లోపలికి పడటం. దాన్ని ఏఐ చేత 11 సార్లు చేయించాను. ఒకసారి తువ్వాలు మూసి ఉన్న అద్దంలోంచే దూరిపోయింది. ఒకసారి గాల్లో విప్పుకుని పావురంలా బస్సు పైకి ఎగిరిపోయింది. ఇంకోసారి తువ్వాలు చేతిలోనే ఉంది, మా నాయనే కిటికీలోంచి లోపలికి వెళ్లిపోయాడు. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి, క్రెడిట్లు (టూల్ ఒక్కో క్లిప్పుకూ కోసుకునే పాయింట్లు) మాత్రం ఖర్చయిపోయాయి.

అప్పుడు అర్థమైంది, ఆ షాట్ అసలు అక్కర్లేదని. మూడు ముక్కలు చేశాను. ఒకటి, వెనక నుంచి, పైకి లేచిన చెయ్యి, చేతిలో తువ్వాలు. రెండు, బస్సు లోపల ఖాళీ కిటికీ సీటు, దాని మీద అప్పటికే పడి ఉన్న తువ్వాలు, కొస ఒక్కటి కొంచెం కదులుతుంది, 'టప్' అని చప్పుడు. మూడు, ఆయాసంతో పైకి చూస్తున్న నాయన ముఖం. మధ్యలో ఎగరడం నేను చూపించలేదు, చూసినవాళ్లంతా మాత్రం చూశామనే అంటారు.

కాబట్టి షాట్లు రాసేటప్పుడే ఏఐకి ఏది రాదో తెలుసుకుని రాయాలి. ఇద్దరి చేతుల మధ్య వస్తువు మారడం కష్టం. ముడి వేయడం, అన్నం కలపడం, గుండీ పెట్టుకోవడం కష్టం. గుంపులో వెనకున్న ముఖాలు కరిగిపోతాయి. బోర్డుల మీద తెలుగు అక్షరాలు చూస్తే ఏ లిపో తెలియదు. ఒక మనిషి నిలబడి చూడటం, వీపు వైపు నుంచి నడక, ఖాళీ గది, కిటికీ వెలుతురు, చేతిలో కదలని వస్తువు దగ్గరగా, ఇవి మాత్రం చాలా బాగా వస్తాయి. అదృష్టం ఏంటంటే సెంటిమెంట్‌కు పనికొచ్చేవి కూడా ఇవే.

ముఖం గురించి ఒక మాట. "ఏడుస్తున్న ముసలాయన, కళ్లలో బాధ" అని రాయకండి. అలా రాస్తే టీవీ సీరియల్ ముఖం వస్తుంది, కన్నీళ్లు గ్లిజరిన్ పోసినట్టు కారతాయి. ఏ భావమూ లేకుండా ఊరికే చూస్తున్న ముఖం తీసుకోండి. దాదాపు నూరేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని, అదే షాట్‌ను, ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఒక ఆడమనిషి షాట్ పక్కన అతికించి చూపించాడు. జనం ఆ నటుడు ఆకలిని, దుఃఖాన్ని, కోరికను ఎంత బాగా పలికించాడో అని మెచ్చుకున్నారట. ముఖం మారనే లేదు. ఇప్పటికీ సినిమా అంతా దీని మీదే నడుస్తోంది, ఏఐ సినిమాకు అయితే ఇదే దిక్కు. నా మూడో ఘట్టంలో కొడుకు ముఖం రెండో ఘట్టంలో ఫోన్ చూస్తున్నప్పటి ముఖమే, కళ్లు మాత్రం కొంచెం పైకి లేపించాను.

బొమ్మలు ముందు, వీడియో తర్వాత

మాటలు రాసి నేరుగా వీడియో చేయించకండి. ప్రతిసారీ వేరే మనిషి వస్తాడు. ముందు ప్రతి షాట్‌కీ ఒక స్టిల్ బొమ్మ చేసుకుని, అది నచ్చాక దాన్ని కదిలించాలి. నేను బొమ్మలకు జెమినిలో నానో బనానా వాడాను, 2025 ఆగస్టులో వచ్చింది. ఒక మనిషి బొమ్మ ఇచ్చి "ఇదే మనిషి, ఇప్పుడు బస్సు పక్కన నిలబడి ఉన్నాడు" అంటే ముఖం దాదాపు మార్చకుండా చేస్తుంది. మిడ్‌జర్నీ అనే ఇంకో టూల్ బొమ్మలు ఇంకా అందంగా ఉంటాయి, నాకు మాత్రం ఆ అందమే అడ్డం అనిపించింది. చిత్తూరు బస్టాండు అంత అందంగా ఉండదు.

ముందుగా పాత్రకు ఒక సెట్టు చేసుకోండి. తెల్లటి గోడ ముందు ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. ప్రతి షాట్‌కూ ఈ మూడింటినీ జత చేసి పంపాలి. వయసు మార్చేటప్పుడు "ముసలివాణ్ణి చెయ్యి" అంటే జుట్టంతా తెల్లబడి ముఖం నిండా గీతలు వస్తాయి, వేరే తాత తయారవుతాడు. "అదే చెవులు, అదే ముక్కు, నుదుటి దగ్గర జుట్టు కొంచెం వెనక్కి, గడ్డంలో నెరుపు, కళ్ల కింద కొంచెం సంచులు" అని విడివిడిగా చెప్పాలి.

ఇక మన ఊరితో వచ్చే గొడవ. పంచె అని రాస్తే ఉత్తరాది వాళ్లలా కాళ్ల మధ్యనుంచి కుచ్చిళ్లు దోపిన ధోతీ కడుతుంది. తలపాగా పెడుతుంది, అది కూడా కాషాయం. తిరుపతి అన్న మాట ప్రాంప్ట్‌లో కనిపిస్తే చాలు, ప్రతి ఫ్రేమ్‌లో గోపురం, ఒక బొమ్మలో అయితే బస్సు లోపల కూడా గోపురం వచ్చింది. అందుకే ఊరి పేరు రాయడం మానేశాను, కనిపించేది రాశాను: "తెల్ల లుంగీ పంచె, నడుం చుట్టూ చుట్టి చీలమండల దాకా వేలాడుతోంది, కాళ్ల మధ్య కుచ్చిళ్లు లేవు. మడత నలిగిన పొట్టి చేతుల చొక్కా, పై జేబులో పెన్నూ చిన్న డైరీ. చామనఛాయ. భుజం మీద సన్న గళ్ల తువ్వాలు, రంగు వెలిసింది." తెలుగులో రాసి, ఏఐ చేతనే ఇంగ్లిష్‌లోకి మార్పించి, ఆ ఇంగ్లిష్‌ను బొమ్మల టూల్‌కి ఇస్తే ఇంకా బాగా పట్టుకుంటుంది. మార్చేటప్పుడు తువ్వాలు కాస్తా బాత్ టవల్ అయిపోకుండా చూసుకోండి. నాకు అయింది. మెత్తగా బొచ్చుతో, హోటల్ రూమ్‌లో ఇచ్చే లాంటిది, మా నాయన భుజం మీద.

బస్సు కూడా అంతే. బస్సు అంటే అద్దాలు బిగించిన వోల్వో ఇస్తుంది. అందులోకి తువ్వాలు ఎలా వేస్తారు చెప్పండి. నేను విసిగిపోయి ఒక మధ్యాహ్నం జనం తక్కువున్నప్పుడు బస్టాండుకు పోయి ఫోన్‌తో 40 ఫొటోలు తీసుకొచ్చాను. జరిపే అద్దాల కిటికీ, చిరిగిన రెగ్జిన్ సీటు, ముందు సీటు వెనక ఇనప కడ్డీ, ప్లాట్‌ఫారం స్తంభం, నూనె మరకల నేల. మనుషుల ముఖాలు పడకుండా తీశాను, పడినవి తీసేశాను. ఆ ఫొటోలు ఇచ్చి "ఈ సీట్లో ఇతను కూర్చున్నాడు" అంటే ఒక్కసారిగా అంతా మారిపోయింది. ఈ పని మొదటి రోజే చేసి ఉంటే ఒక వారం కలిసొచ్చేది. కొండ కావాలంటే అలిపిరి వైపు, ఎండిన చెనక్కాయల చేను కావాలంటే ఊరి బయట, మీ ఫోనే మీ లొకేషన్ మేనేజరు.

కదిలించడం

వీడియోకి వియో 3, క్లింగ్, రన్‌వే, ఏది వాడినా పద్ధతి ఒకటే. నేను తీసినప్పుడు వియో 3లో క్లిప్పు 8 సెకన్లు వచ్చేది, క్లింగ్‌లో 5 లేదా 10. స్టిల్ బొమ్మను మొదటి ఫ్రేమ్‌గా ఇచ్చి, ఏం కదలాలో చెప్పాలి. ఒక షాట్‌లో ఒక్కటే కదలాలి. మనిషి కదిలితే కెమెరా కదలకూడదు, కెమెరా కదిలితే మనిషి ఊరికే ఉండాలి. నేను దాదాపు అన్ని షాట్లకూ "కెమెరా స్టాండు మీద ఉంది, అస్సలు కదలదు" అని రాశాను. రాయకపోతే తనంతట తానే డ్రోన్‌లా చుట్టూ తిరిగేస్తుంది, పెళ్లి వీడియో అయిపోతుంది.

ఉదాహరణకు ఆఖరి షాట్‌కు రాసింది: "యువకుడు కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఒడిలోని తువ్వాలును కిటికీ అంచు దాకా ఎత్తి ఆపాడు. తల తిప్పడు. పెదవులు కదలవు. కెమెరా కదలదు. గాలికి తువ్వాలు కొస కదులుతుంది." ఆరోసారికి కుదిరింది. పెదవులు కదలవు అని రాయకపోతే ఏదో ఒకటి గొణుగుతాడు.

8 సెకన్లు వస్తే 8 సెకన్లూ వాడాలని లేదు. మొదటి అర సెకను, చివరి రెండు సెకన్లు సాధారణంగా తేడాగా ఉంటాయి, చివర్లో వేళ్లు ఆరవుతాయి, ముఖం మెల్లగా ఇంకొకరిలా మారుతుంది. మధ్యలో నాలుగైదు సెకన్లు బాగుంటే అదే మీ షాట్.

డబ్బుల సంగతి. ప్లాన్లు, రేట్లు తరచూ మారతాయి కాబట్టి అంకెలు చెప్పను, పద్ధతి చెప్తాను. అన్ని స్టిల్ బొమ్మలూ సిద్ధమయ్యేదాకా వీడియో టూల్‌కి డబ్బు కట్టొద్దు. సిద్ధమయ్యాక ఒక్క నెలకే కట్టి, కట్టిన రోజే ఆటో పే ఆపేసి, ఆ నెలలోనే మొత్తం ముగించండి. ముందు తక్కువ క్వాలిటీ లేదా ఫాస్ట్ మోడ్‌లో చూసుకుని, కదలిక నచ్చిందే మంచి క్వాలిటీలో చేయించండి. నా 28 షాట్లకు 120 దాకా క్లిప్పులు పోయాయి. మీకూ దాదాపు ఒకటికి నాలుగు అనుకుని దిగండి, టెన్షన్ ఉండదు.

గొంతు

ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది, నచ్చకపోతే వదిలేయండి.

రాసింది చదివి వినిపించే ఏఐ గొంతులు ఉన్నాయి. ఎలెవెన్‌ల్యాబ్స్‌లో తెలుగు ఉంది, మన దేశపు సర్వం వాళ్ల బుల్‌బుల్‌లో తెలుగు ఉంది. వార్తలు చదవడానికి, వివరించి చెప్పడానికి బాగుంటాయి. కానీ "ఎక్కినావా?" అన్న ఒక్క మాట వాటి చేత పలికించి చూడండి. పరీక్షలో ప్రశ్న అడిగినట్టు ఉంటుంది. మా వైపు ఆ మాటలో చివరి 'వా' కొంచెం సాగి కిందికి పడుతుంది, అది ప్రశ్న కాదు, ఇంక పోయిరా అని చెప్పడం. ఏ మీటా నొక్కి దాన్ని తెప్పించలేకపోయాను.

మా నాయన గొంతు నా ఫోన్లో ఉంది, వాట్సాప్ వాయిస్ మెసేజీలు. కావాలంటే ఆ గొంతును క్లోన్ చేసి ఆయన చేత ఏమైనా అనిపించొచ్చు, రెండు నిమిషాల పని. చేయలేదు. ఆయన అనని మాట ఆయన గొంతుతో వింటే మా అమ్మ పరిస్థితి ఏంటి? బతికున్నవాళ్ల గొంతైతే అడిగి, ఒప్పుకుంటేనే చేయండి, పోయినవాళ్లది అయితే నా మాట విని అసలే వద్దు. ఆ మెసేజీల్లో వెతికితే నిజంగానే "ఎక్కినావా" దొరికింది, వెనక ఎవరో పిల్లాడి అరుపు, సగం గాలి చప్పుడు. శుభ్రం చేయకుండా అలాగే పెట్టేశాను. మీ దగ్గర అలాంటిది లేకపోతే పక్కింటి పెద్దాయనను బతిమాలండి. "సామీ, ఈ ఒక్క మాట అను" అంటే సిగ్గుపడుతూ నాలుగుసార్లు అంటారు, ఎక్కువగా నాలుగోది బాగుంటుంది.

మిగతా చప్పుళ్లు కూడా నిజమైనవే పట్టుకోండి. వియో 3 వీడియోతో పాటే శబ్దం కూడా ఇస్తుంది, అయితే అది ఏ దేశపు బస్టాండో చెప్పలేం. బొమ్మ అబద్ధమైనా చప్పుడు నిజమైతే జనం నమ్మేస్తారు, తిరగేస్తే నమ్మరు. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మైకు మీద పల్చటి కర్చీఫ్ కప్పి, బస్టాండులో స్తంభం పక్కన పది నిమిషాలు ఊరికే నిలబడండి. ఇంజను ఆగకుండా మోగడం, "పలమనేరు, ముళబాగిలు, కోలారు, బెంగళూరు" అని పిలుపు, విజిలు, కిటికీ అద్దం జరిపే కీచుమనే చప్పుడు. ఆ కీచు నా సినిమాలో మూడుసార్లు వస్తుంది, ఏ వయొలినూ దానికి సరిరాదు.

మ్యూజిక్ కావాలంటే సునో అనే ఏఐ టూల్‌లో చేయించుకోవచ్చు, ఉచిత ప్లాన్‌లో చేసింది వ్యాపారానికి వాడకూడదని గుర్తుంచుకోండి. ఒక్క వాద్యం చాలు, అది కూడా చివరి నలభై సెకన్లకే. మొదటి సెకను నుంచే ఏడుపు సంగీతం పెడితే చూసేవాడికి ముందే తెలిసిపోతుంది, గుండె గట్టి చేసుకుని కూర్చుంటాడు.

అతికించడం

ఎడిటింగ్‌కు కంప్యూటర్ ఉంటే డావిన్చీ రిజాల్వ్ ఉచితమే, ఫోన్ అయితే వీఎన్ గానీ కైన్‌మాస్టర్ గానీ. టైమ్‌లైన్ సెకనుకు 24 ఫ్రేములకు పెట్టుకోండి. వేర్వేరు టూల్స్‌లో చేసిన క్లిప్పుల రంగులు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి అన్నిటి మీదా ఒకే రంగు సర్దుబాటు, పైన కొంచెం గ్రెయిన్ (పాత ఫిల్ములో కనిపించే సన్న నలుసులు) వేయండి. ఏఐ ముఖాలకు ఉండే ఆ మైనపు మెరుపు కూడా చాలావరకు దాని కింద దాక్కుంటుంది.

ముందు శబ్దం మొత్తం పరిచి, తర్వాత దాని మీద బొమ్మలు పేర్చండి. నేను మొదటిసారి దీన్ని తిరగేసి చేశాను. శబ్దం ముందుంటే ఏ షాట్ ఎంతసేపు నిలవాలో చెవే చెప్పేస్తుంది. మొదటి రెండు ఘట్టాలు చకచకా నడిపించి, మూడోది బాగా నిదానం చేశాను. ఆఖరి షాట్ 11 సెకన్లు ఉంచాను, అంత పొడవు క్లిప్పు లేక, చివరి ఫ్రేమును తీసుకుని దాని నుంచి ఇంకో క్లిప్పు చేయించి కలిపాను. బస్సు కదిలిన చప్పుడు వస్తుంది, కిటికీ బయట స్తంభాలు వెనక్కి పోతాయి, చెయ్యి అక్కడే ఉంటుంది.

టైటిల్ తెలుగులో ఏఐ బొమ్మలో రాయించొద్దు, ఎడిటర్‌లోనే పెట్టండి. రామభద్ర, మండలి, మల్లన్న లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. కొన్ని ఎడిటర్లు వత్తులను విడగొట్టేస్తాయి, తువ్వాలు అన్నదాంట్లో వత్తు పక్కకు పోయి నిలబడుతుంది, అప్పుడు వేరేచోట టైటిల్ రాసి వెనక బ్యాక్‌గ్రౌండ్ లేని బొమ్మగా సేవ్ చేసి తెచ్చుకోవాలి.

చూపించడం

పూర్తయ్యాక ఎలా ఉందని ఎవర్నీ అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. ఫోన్ చేతికిచ్చి, పక్కన కూర్చుని వాళ్ల ముఖం చూడండి. ఎక్కడ ఫోన్ మీంచి కళ్లు పక్కకు పోయాయో ఆ సెకను రాసుకోండి, అక్కడ కత్తిరించాలి. టీ కొట్టు దగ్గర మళ్లీ అదే నలుగురికి చూపించాను. మొదటిసారి ఫోన్ మాట్లాడటానికి లేచి వెళ్లినాయనే ఈసారి చివరిదాకా చూసి, ఫోన్ నాకిచ్చేసి, "మా యబ్బ కర్చీఫ్ ఏసేవోడు" అన్నాడు. ఆ తర్వాత టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు.

అమ్మకు చివర చూపించాను. రెండుసార్లు చూసింది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మీ నాయన తువ్వాలుకు అంచు నీలం కదరా, ఎరుపు ఎందుకు పెట్టినావు?" అంది. నిజమే, నాకు గుర్తులేదు. బీరువాలోంచి తీసుకొచ్చి చూపించింది కూడా. తువ్వాలు కనిపించే తొమ్మిది షాట్ల బొమ్మలూ మళ్లీ తెరిచి, దాని ఫొటో జత చేసి, అంచు మార్పించి, వీడియోలు మళ్లీ చేయించాను. క్రెడిట్లు అయిపోతే ఇంకో నెలకు కట్టాల్సి వచ్చింది. మీరు వస్తువు ఎంచుకున్న రోజే ఇంట్లో అడిగి దాని ఫొటో తీసి పెట్టుకోండి.

యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు ఆల్టర్డ్ కంటెంట్ అని ఒక ప్రశ్న అడుగుతుంది, నిజంలా కనిపించేది ఏఐతో చేశారా అని. అవును అని పెట్టండి, దాచిపెట్టి తర్వాత ఇబ్బంది పడటం ఎందుకు. వివరణలో కూడా ఒక లైను రాయండి. నేను బొమ్మలు ఏఐవి, గొంతు మా నాయనది అని రాశాను.